జెస్సీ గెల్సింగర్ – పద్దెనిమిదేళ్ల జీవితం నేర్పిన పాఠం

– తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి

విజ్ఞానశాస్త్ర చరిత్రలో మనం ఎందరో మహనీయుల జీవితాలు చదువుతుంటాం. వాళ్లలో ఎక్కువమంది ఏదో ఒకటి కనిపెట్టినవాళ్లు, బహుమతులు అందుకున్నవాళ్లు, నిండు జీవితం గడిపినవాళ్లు. ఈ వ్యాసంలో పరిచయం చేయబోయే వ్యక్తి ఏదీ కనిపెట్టలేదు. ఏ బహుమతీ అందుకోలేదు. హైస్కూలు చదువు అప్పుడే ముగించుకుని, ఒక దుకాణంలో చిన్న ఉద్యోగం చేసుకుంటున్న కుర్రాడు. అతడు బతికింది పద్దెనిమిదేళ్ల మూడు నెలలు, అందులోనూ ఒక రోజు తక్కువ. అయినా జన్యు చికిత్స గురించి ఏ దేశంలో పాఠం చెప్పినా అతని పేరు తలచుకోక తప్పదు. అతడే జెస్సీ గెల్సింగర్. ఈ సంచిక చదివే విద్యార్థుల్లో చాలామంది ఇంకా పుట్టకముందే అతడు పోయాడు. పోయినప్పుడు అతని వయస్సు మాత్రం సరిగ్గా మన వయస్సే.

జెస్సీ 1981 జూన్ 18న అమెరికాలో పుట్టాడు. తండ్రి పాల్ గెల్సింగర్ ఇళ్లకు మరమ్మతులు, చిల్లర పనులు చేసి సంసారం నడుపుకునే మనిషి. రెండున్నరేళ్లు దాటేవరకు జెస్సీ అందరు పిల్లల్లాగే పెరిగాడు. కాకపోతే అన్నం దగ్గర పేచీ. మాంసం, పాలు వద్దనేవాడు. 1984లో ఒకరోజు చిన్న జలుబుతో మొదలైన నలత మత్తుగా మారింది. పిల్లవాడు ఎంత లేపినా లేవలేదు. ఆసుపత్రిలో పరీక్షలు చేయగా రక్తంలో అమ్మోనియా విపరీతంగా పెరిగిపోయిందని తేలింది. దానికి కారణం ఓ.టి.సి. లోపం అనే అరుదైన జన్యువ్యాధి.

ఈ వ్యాధి సంగతి ఇక్కడ కొంచెం వివరించాలి. మనం తినే పప్పు, పాలు, గుడ్లు, మాంసంలో ఉండే మాంసకృత్తుల నుంచి ఒంట్లో నత్రజని మిగులుతుంది. అది అమ్మోనియాగా మారుతుంది. అమ్మోనియా మెదడుకు విషం. కాలేయం దాన్ని ఎప్పటికప్పుడు యూరియాగా మార్చి మూత్రం ద్వారా బయటికి పంపేస్తుంది. రైతులు వరిచేలో చల్లే యూరియా, మన ఒంట్లో తయారయ్యే యూరియా ఒకటే పదార్థం. కర్మాగారంలో ఎంతో వేడిమీద, ఎంతో ఒత్తిడిమీద జరిగే పనిని కాలేయం ఒంటి వేడితోనే, అయిదు మెట్లలో చేసేస్తుంది. మెట్టుకొక ఎంజైము కావాలి. రెండో మెట్టు దగ్గర పనిచేసే ఎంజైము పేరు ఆర్నిథిన్ ట్రాన్స్‌కార్బమైలేజ్. పొడి అక్షరాల్లో ఓ.టి.సి. అంటారు. దాన్ని తయారుచేసే జన్యువు చెడిపోతే యూరియా తయారీ అక్కడే ఆగిపోతుంది, అమ్మోనియా పేరుకుపోతుంది.

ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. మగపిల్లలకు ఎక్స్ క్రోమోజోము ఒక్కటే కాబట్టి వ్యాధి వాళ్లను ఎక్కువగా కబళిస్తుంది. తీవ్రంగా వచ్చినప్పుడు బిడ్డ పుట్టిన రెండు మూడు రోజులకే పాలు తాగడం మానేస్తాడు, మత్తులోకి జారిపోతాడు. చాలామంది పసికందులు నెల తిరగకుండానే చనిపోతారు. జెస్సీ విషయంలో మాత్రం లోపం తల్లి నుంచి రాలేదు. అతనిలోనే కొత్తగా పుట్టింది. కొన్ని కణాల్లో చెడు జన్యువు, కొన్నింటిలో మంచి జన్యువు ఉండేవి. అందుకే ప్రాణం నిలబడింది. కాని జీవితమంతా పత్యమే. మాంసకృత్తులు కొలిచి తినాలి. రోజుకు ముప్పైకి పైగా మాత్రలు మింగాలి.

కుటుంబం తర్వాత అరిజోనా రాష్ట్రంలోని టూసాన్ నగరానికి చేరింది. అక్కడ జెస్సీ అందరు కుర్రాళ్లలాగే పెరిగాడు. టీవీలో కుస్తీ పోటీలంటే ప్రాణం. మోటారు సైకిలంటే సరదా. ఆ వయసు పిల్లలందరిలాగే మాత్రలు మింగడానికి విసుక్కునేవాడు. 1998 డిసెంబరులో మందులు సరిగా వేసుకోకపోవడంతో అమ్మోనియా మళ్లీ పెరిగింది. వాంతులతో పడిపోయిన కొడుకును తండ్రి ఆసుపత్రికి చేర్చాడు. శ్వాస యంత్రం మీద ఉంచవలసినంత ప్రమాదం వచ్చింది. చావు అంచుదాకా వెళ్లి తిరిగొచ్చాడు. ఆ తర్వాత మందులు మార్చారు, కుర్రాడు కోలుకున్నాడు. అంటే 1999 నాటికి జెస్సీ మంచంపట్టిన రోగి కాదు. పత్యంతో, మందులతో నెట్టుకొస్తున్న ఆరోగ్యవంతుడే. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి.

ఆ ప్రమాదానికి కొద్ది నెలల ముందే, 1998లో, అతనికి వైద్యం చేసే డాక్టరు ద్వారా ఫిలడెల్ఫియాలో జరుగుతున్న ఒక ప్రయోగం గురించి తెలిసింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని మానవ జన్యు చికిత్స సంస్థ ఓ.టి.సి. లోపానికి జన్యు చికిత్సను పరీక్షిస్తోంది. సంస్థకు అధిపతి జేమ్స్ విల్సన్. ప్రయోగంలో ఆయనతో ఉన్న ముఖ్యులు శస్త్రవైద్యుడు స్టీవెన్ రేపర్, ఓ.టి.సి. వ్యాధిలో నిపుణుడు మార్క్ బాట్‌షా.

జన్యు చికిత్స అంటే చెడిపోయిన జన్యువు ఉన్న కణాల్లోకి మంచి జన్యువును పంపించడం. వినడానికి తేలికే. కాని జన్యువును కణంలోకి పంపేదెలా? సూదితో ఒక్కో కణంలోకి ఎక్కించలేం కదా. ఆ పని పుట్టుకతోనే నేర్చిన జీవి ఒకటుంది. అదే వైరస్. కణం తలుపు తీసి తన జన్యువును లోపల పెట్టడమే వైరస్ బతుకు. కనుక దానిలోని హానికరమైన జన్యువులు తీసేసి, ఆ ఖాళీలో మనకు కావలసిన జన్యువును అమర్చి పంపితే సరిపోతుందని శాస్త్రజ్ఞులు ఆలోచించారు. అలా మలచిన వైరస్‌నే వాహకం లేదా వెక్టార్ అంటారు. 1990 సెప్టెంబరులో అమెరికాలో నాలుగేళ్ల పాపకు రెట్రోవైరస్ వాహకంతో ఇలాంటి చికిత్స చేశారు. దానితో ప్రపంచమంతటా ఆశలు చిగురించాయి. తర్వాతి తొమ్మిదేళ్లలో వందల ప్రయోగాలు నడిచాయి.

ఫిలడెల్ఫియా బృందం ఎంచుకున్నది అడినోవైరస్. మామూలుగా మనకు జలుబు, గొంతునొప్పి తెచ్చే వైరస్ జాతి అది. దాన్ని పెద్ద మొత్తంలో తయారు చేయొచ్చు. కాలేయ కణాల్లోకి చక్కగా చొరబడుతుంది. మన క్రోమోజోముల్లో తలదూర్చదు, కాబట్టి వాటిని చెడగొడుతుందన్న భయం తక్కువ. లోపం ఒక్కటే. ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ దాన్ని ఇట్టే పసిగడుతుంది. తాళం తీయడం తెలిసిన దొంగ చేతికి ఉత్తరం ఇచ్చి ఇంట్లోకి పంపామనుకోండి. అతని కత్తి మనం లాగేసుకున్నాం. కాని ఇంటి కుక్కకు ఆ సంగతి తెలియదు. దొంగ వాసన తగలగానే అది మొరుగుతుంది, మీదపడుతుంది. వైరస్ లోపలి జన్యువులు తీసేసినా పైనున్న మాంసకృత్తుల తొడుగు మారలేదు. రోగనిరోధక వ్యవస్థ చూసేది ఆ తొడుగునే.

ఈ ప్రయోగం ఎవరిమీద చేయాలన్న ప్రశ్న ముందే వచ్చింది. వ్యాధితో చనిపోతున్న పసికందులకే ఈ చికిత్స అవసరం. కాని బిడ్డ చావుబతుకుల్లో ఉన్నప్పుడు తల్లిదండ్రులు ఏ కాగితం మీదనైనా సంతకం పెట్టేస్తారు, అది స్వేచ్ఛగా ఇచ్చిన అంగీకారం అనిపించుకోదు. నీతిశాస్త్ర పండితుడు ఆర్థర్ కాప్లాన్ సలహా కూడా అదే. అందుచేత వ్యాధి తీవ్రంగా లేని పెద్దవాళ్లనే తీసుకోవాలని నిర్ణయించారు. ఆలోచన మంచిదే. కాని దానివల్ల పరిస్థితి తలకిందులైంది. లాభం పొందవలసినవాళ్లు పసిపిల్లలు, ప్రమాదం మోసేవాళ్లు ఆరోగ్యంగా తిరుగుతున్న పెద్దలు. మొత్తం పద్దెనిమిదిమందిని ఆరు జట్లు చేసి, జట్టు జట్టుకీ మోతాదు పెంచుకుంటూ పోవాలన్నది పథకం. వ్యాధి నయం చేయడం ప్రయోగం ఉద్దేశం కాదు. ఎంత మోతాదు దాకా ఒళ్లు తట్టుకుంటుందో తెలుసుకోవడమే ఉద్దేశం.

పద్దెనిమిదేళ్లు నిండకుండా జెస్సీ చేరడానికి వీల్లేదు. 1999 జూన్ 18న పద్దెనిమిది నిండాయి. ఆ రోజే కుటుంబమంతా ఫిలడెల్ఫియాకు బయలుదేరింది. నాలుగు రోజుల తర్వాత విశ్వవిద్యాలయంలో డాక్టర్లు ప్రయోగం గురించి వివరించారు, పరీక్షలు చేశారు. జెస్సీ ఓ.టి.సి. సామర్థ్యం మామూలు మనిషిలో 6 శాతమే అని తేలింది. ఈ ప్రయోగం వల్ల అతనికి ఒరిగేదేమీ లేదని, పంపిన జన్యువు పనిచేసినా కొద్దివారాలకు మించి నిలవదని డాక్టర్లు చెప్పారు. జెస్సీ అదంతా విన్నాడు. తనకు కాకపోయినా ఈ జబ్బుతో పుట్టే పసిపాపలకు పనికొస్తుందన్నదే అతని మాట. ఒప్పుకున్నాడు. తండ్రి కూడా కొడుకును చూసి గర్వపడ్డాడు.

సెప్టెంబరు 9న జెస్సీ ఒంటరిగా విమానమెక్కి ఫిలడెల్ఫియా చేరాడు. 13వ తేదీ సోమవారం ఉదయం అతన్ని మత్తులో ఉంచి, కాలేయానికి రక్తం తీసుకుపోయే ధమనిలోకి సన్నని గొట్టం పంపించారు. సుమారు రెండు గంటలపాటు 30 మిల్లీలీటర్ల ద్రవం ఎక్కించారు. చూడడానికి రెండు పెద్ద చెంచాలంత మందు. అందులో ఉన్నవి 38 లక్షల కోట్ల వైరస్ రేణువులు. ప్రయోగంలో అతడు పద్దెనిమిదో వ్యక్తి. చివరిదైన ఆరో జట్టులో, అంటే అన్నిటికన్నా ఎక్కువ మోతాదులో, రెండోవాడు.

ఆ రాత్రి కడుపులో వికారం, 104 డిగ్రీలు దాటిన జ్వరం వచ్చాయి. ముందువాళ్లకు కూడా జ్వరాలు వచ్చాయి గనుక డాక్టర్లు కంగారుపడలేదు. మర్నాడు ఉదయం కళ్లు పచ్చబడ్డాయి, మాట తడబడింది. కామెర్లు కనిపించాయంటే రక్తకణాలు విచ్చిపోతూ ఉండాలి, లేదా కాలేయం దెబ్బతిని ఉండాలి. రక్తకణాలు విచ్చిపోతే వాటిలోని మాంసకృత్తులు అమ్మోనియాగా మారతాయి. ఓ.టి.సి. లోపం ఉన్నవాడికి అది నిప్పుకు నెయ్యి తోడైనట్టే. అమ్మోనియా మామూలుకు పదిరెట్లకు పైగా పెరిగింది. రక్తశుద్ధి చేసి దాన్ని తగ్గించారు. ఈలోగా జెస్సీ స్పృహ కోల్పోయాడు. తండ్రి రాత్రికి రాత్రి విమానంలో బయలుదేరి 15వ తేదీ ఉదయానికి చేరేసరికి కొడుకు యంత్రాల మీద ఉన్నాడు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. రక్తాన్ని బయటికి తీసి ప్రాణవాయువు కలిపి లోపలికి పంపే యంత్రం పెట్టారు. మూత్రపిండాలు ఆగిపోయాయి. 17వ తేదీ మధ్యాహ్నం, బతికే దారి లేదని తేలాక, బంధువుల సమక్షంలో యంత్రాలు ఆపేశారు. జన్యు చికిత్స వల్లనే ప్రాణం కోల్పోయినట్టు బహిరంగంగా గుర్తించిన మొదటి వ్యక్తి జెస్సీ గెల్సింగర్.

ఒంట్లో జరిగిందేమిటి? పంపిన జన్యువు తప్పు కాదు. వైరస్ ఒంట్లో పెరిగి పిల్లలు పెట్టనూ లేదు. ఆ శక్తి ముందే తీసేశారు. కాని అంత మోతాదులో వైరస్ తొడుగు ఒక్కసారిగా లోపలికి వచ్చేసరికి రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పింది. ఒంటినిండా వాపు, రక్తనాళాల్లో అక్కడక్కడ రక్తం గడ్డకట్టడం, అవయవాలు ఒకదాని వెంట ఒకటి ఆగిపోవడం. కాలేయం కోసం పంపిన వైరస్ ప్లీహంలో, లింఫ్ గ్రంథుల్లో, ఎముకల మూలుగలో కూడా తర్వాత కనిపించింది. మరి అదే మోతాదు అంతకుముందు తీసుకున్న మనిషి బతికి బయటపడింది కదా అని మీరు అడగొచ్చు. ఎప్పుడో చిన్నప్పుడు అలాంటి వైరస్‌తో జలుబు చేసి, జెస్సీ రోగనిరోధక వ్యవస్థ ముందే దానిమీద కత్తి నూరుకుని ఉండవచ్చునని కొందరు శాస్త్రజ్ఞులు ఊహించారు. ఒకరికి సరిపడిన మోతాదు ఇంకొకరికి ప్రాణాంతకం కావచ్చన్నది మాత్రం రుజువైపోయింది.

ఇంతవరకు ఇది విజ్ఞానశాస్త్రపు కథ. తర్వాత బయటపడినవి మనుషుల కథ.

మొదట్లో పాల్ గెల్సింగర్ డాక్టర్లనే వెనకేసుకొచ్చాడు. కొడుకు చితాభస్మాన్ని ఆ నవంబరులో టూసాన్‌కు దగ్గరలోని రైట్‌సన్ పర్వత శిఖరం మీద చల్లినప్పుడు, జెస్సీకి వైరస్ ఎక్కించిన డాక్టర్ రేపర్ కూడా వాళ్లతోపాటు కొండెక్కాడు. కాని డిసెంబరులో జాతీయ ఆరోగ్య సంస్థల సలహాసంఘం జరిపిన విచారణలో కూర్చుని వింటుంటే తండ్రికి ఒక్కొక్క సంగతే తెలిసివచ్చింది. చికిత్స పనిచేస్తోందని తాను నమ్మినదానికి ఆధారం లేదు. ఇంకా పెద్ద మోతాదుల్లో, ఈ జాతికే చెందిన పాత తరం వాహకంతో, కోతులు చనిపోయాయి. అంగీకారపత్రం తొలి ప్రతిలో ఆ కోతుల ప్రస్తావన ఉంది. జెస్సీ సంతకం పెట్టిన ప్రతిలో లేదు.

అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ దర్యాప్తులో మరికొన్ని తేలాయి. జెస్సీకి ముందు కొందరిలో కాలేయం దెబ్బతిన్న సూచనలు కనిపించాయి. అవి కనిపించగానే ప్రయోగం ఆపి సంస్థకు తెలపవలసి ఉంది, అలా జరగలేదు. వైరస్ ఎక్కించడానికి ముందు జెస్సీ రక్తంలో అమ్మోనియా పథకంలో రాసుకున్న హద్దు కన్నా ఎక్కువగా ఉంది. దీనికి తోడు విల్సన్ స్థాపించిన జెనోవో అనే కంపెనీలో ఆయనకూ, విశ్వవిద్యాలయానికీ వాటాలున్నాయి. ప్రయోగం నెగ్గితే లాభపడేవాళ్లే ప్రయోగం సురక్షితమా కాదా అని తేల్చే చోట కూర్చోవడం ఎంతవరకు సబబు అన్న ప్రశ్న దేశమంతా మారుమోగింది.

2000 జనవరిలో ఆ సంస్థలోని మానవ ప్రయోగాలన్నీ నిలిపివేశారు. ఫిబ్రవరి 2న పాల్ గెల్సింగర్ అమెరికా సెనేట్ ఉపసంఘం ముందు సాక్ష్యమిచ్చాడు. దేశంలో అడినోవైరస్ ప్రయోగాలన్నిటి లెక్కలు తిరగేస్తే ఇంకో నిజం బయటపడింది. తీవ్రమైన దుష్ఫలితాలు మొత్తం 691 నమోదు కాగా, నిబంధన ప్రకారం జాతీయ ఆరోగ్య సంస్థలకు వెంటనే తెలిపినవి 39 మాత్రమే. అంటే ఈ తప్పు ఒక్క ఫిలడెల్ఫియాది కాదు. ఒక్కొక్క ప్రయోగశాల తన దగ్గర జరిగిన చెడును తన దగ్గరే ఉంచుకుంది. పక్క ప్రయోగశాలకు అది తెలిస్తే మోతాదు తగ్గించుకునేదేమో.

కుటుంబం వేసిన దావా 2000 నవంబరులో రాజీతో ముగిసింది. ప్రభుత్వంతో కేసు 2005లో పరిష్కారమైంది. విశ్వవిద్యాలయం 5,17,496 డాలర్లు, బాట్‌షా పనిచేసిన వాషింగ్టన్ పిల్లల ఆసుపత్రి 5,14,622 డాలర్లు చెల్లించాయి. తప్పు చేసినట్టు మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు. విల్సన్ కొన్నేళ్లపాటు మనుషుల మీద ప్రయోగాలకు నాయకత్వం వహించకూడదని ఆంక్ష పడింది. ఈ ఉదంతం నుంచి నేర్చుకోవలసిన పాఠాల మీద ఆయన 2009లో ఒక వ్యాసం ప్రచురించాడు.

జెస్సీ మరణంతో జన్యు చికిత్స ఆగిపోలేదు, దారి మారింది. దారిలో మళ్లీ దెబ్బలు తగిలాయి. పారిస్‌లో పుట్టుకతో రోగనిరోధక శక్తి లేని పిల్లలకు రెట్రోవైరస్ వాహకంతో చికిత్స చేసి, 2000లో గొప్ప విజయం సాధించారు. రెండేళ్లు తిరిగేసరికి వాళ్లలో కొందరికి రక్త కేన్సరు వచ్చింది. ఆ వైరస్ క్రోమోజోములో దూరి, కేన్సరుకు దారితీసే జన్యువు పక్కనే కూర్చుని దాన్ని నిద్రలేపింది. అడినోవైరస్‌లో భయం తొడుగుతో అయితే, రెట్రోవైరస్‌లో భయం దూరే చోటుతో. ఆ తర్వాత దూరినా పక్క జన్యువులను కదిలించే ప్రమాదం తక్కువగా ఉండే లెంటివైరస్ వాహకాలు తయారయ్యాయి. మన పొరుగున వేలూరు క్రిస్టియన్ వైద్య కళాశాలలో హీమోఫీలియా రోగులు అయిదుగురికి లెంటివైరస్ వాహకంతో చేసిన జన్యు చికిత్స ఫలితాలు 2024లో వెలువడ్డాయి.

విల్సన్ ప్రయోగశాల కూడా అడినోవైరస్‌ను విడిచి, ఏ.ఏ.వి. అనే మరో చిన్న వైరస్ వైపు మళ్లింది. ఇది అంతగా అలజడి రేపదు. అక్కడ గుర్తించిన ఏ.ఏ.వి. రకాల్లో ఒకటి వెన్నెముక కండర క్షీణతతో పుట్టిన పసిపిల్లలకు 2019లో ఆమోదం పొందిన మందుకు వాహకమైంది. అయితే ఏ.ఏ.వి. కూడా మోతాదు మించితే ప్రమాదమేనని, కోతుల్లో, పందిపిల్లల్లో కాలేయం, నరాలు దెబ్బతిన్నాయని 2018లో ప్రకటించింది ఆ విల్సన్ బృందమే. ఈసారి ఎవరూ అడగకముందే చెప్పారు. 2020లో మరో కండర వ్యాధికి ఎక్కువ మోతాదు ఏ.ఏ.వి. ఇచ్చిన ప్రయోగంలో పిల్లలు చనిపోవడంతో ఆ హెచ్చరిక ఎంత నిజమో తెలిసింది.

ఇదంతా ఎక్కడో అమెరికా సంగతి, మనకెందుకు అనుకోవద్దు. 2021లో మన ఊళ్లలో కోట్లమంది చేతికి వేయించుకున్న కోవిషీల్డు టీకా కూడా అడినోవైరస్ వాహకమే. అది చింపాంజీలకు వచ్చే రకం. మనుషుల రకమైతే మన ఒంట్లో ముందే విరుగుడు ఉంటుందని ఆ రకాన్ని ఎంచుకున్నారు. అదే ఏడాది మే నెలలో హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ సంస్థ తెచ్చిన స్పుత్నిక్ టీకా రెండో మోతాదులో ఉన్నది మానవ అడినోవైరస్ అయిదో రకం. జెస్సీకి ఎక్కించిన వాహకం తయారైంది ఆ రకం నుంచే. మరి అది ప్రాణం తీస్తే ఇది ప్రాణం కాపాడిందేమిటి? తేడా మోతాదులో, దారిలో, ఉద్దేశంలో ఉంది. కోవిషీల్డు ఒక మోతాదులో ఉండేవి సుమారు 5,000 కోట్ల రేణువులు. జెస్సీ ఒంట్లోకి వెళ్లినవి దానికి 760 రెట్లు. టీకా కండలోకి వేస్తారు, అతనికి నేరుగా కాలేయ ధమనిలోకి పంపారు. అన్నిటికన్నా ముఖ్యం, టీకా పనే రోగనిరోధక వ్యవస్థను తట్టి లేపడం. జన్యు చికిత్సకు అది నిద్రపోవాలి. ఒకచోట లోపమైన గుణం ఇంకోచోట బలమైంది. అలాగని టీకా బొత్తిగా ప్రమాదం లేనిదని కాదు. చాలా అరుదుగా కొందరిలో రక్తం గడ్డకట్టిందని 2021లోనే గుర్తించి బహిరంగంగా ప్రకటించారు. అలా ప్రకటించడమే సరైన పద్ధతి.

జెస్సీ జీవితం నుంచి మనం తెలుసుకోవలసింది వైరస్ చెడ్డదనో, ప్రయోగాలు కూడదనో కాదు. కొత్త మందు అన్నాక మొదట ఎవరో ఒకరు తీసుకోవాలి. జెస్సీ ఆ పనికి ఒప్పుకున్నాడు. అతడు ఇవ్వగలిగినదంతా ఇచ్చాడు. బదులుగా అతనికి రావలసింది డబ్బు కాదు, సన్మానం కాదు. పూర్తి నిజం. పురుగుమందు డబ్బా మీద ఎర్ర త్రికోణం ఉందని రైతు ఆ మందు కొనడం మానేయడు. గుర్తు చూసి ముక్కుకు గుడ్డ కట్టుకుంటాడు, గాలివాలు చూసుకుంటాడు, పిల్లల్ని చేలోకి రానివ్వడు. ఆ త్రికోణం చెరిపేసి డబ్బా అమ్మితే అది వేరే సంగతి. కోతుల సంగతి చెప్పి ఉంటే జెస్సీ వెనక్కి తగ్గేవాడో కాదో ఎవరూ చెప్పలేరు. కాని నిర్ణయం అతనిది. ఆ నిర్ణయానికి కావలసిన నిజం అతని చేతికి అందలేదు.

సైన్సు విద్యార్థులకు ఇందులో ఇంకో మాట కూడా ఉంది. అనుకున్న రీడింగు రానప్పుడు దాన్ని రికార్డులో ఉన్నదున్నట్టు రాయాలా, వచ్చినట్టు సరిచేసి రాయాలా అన్న ప్రశ్న ప్రయోగశాలలో అడుగుపెట్టిన ప్రతివాడికీ ఎదురవుతుంది. ఇక్కడ పోయేది రెండు మూడు మార్కులే. కాని ఇక్కడ పడిన అలవాటే రేపు పెద్ద ప్రయోగశాలకూ మన వెంట వస్తుంది. 691లో 39 మాత్రమే పైకి చెప్పినవాళ్లు కూడా ఒకప్పుడు మనలాగే బల్లల ముందు నిలబడి రీడింగులు రాసుకున్న విద్యార్థులే.

2024లో అదే ఫిలడెల్ఫియా నగరంలో యూరియా తయారీలో మొదటి మెట్టు లోపంతో ఒక మగబిడ్డ పుట్టి ఉన్నాడు. ఆ బిడ్డ ఒక్కడి కోసమే, అతని జన్యువులోని తప్పును దిద్దే మందు ఆరు నెలల్లో తయారు చేశారు. ఆ పనికి నాయకత్వం వహించినవారు రెబెకా అహ్రెన్స్-నిక్లస్, కిరణ్ ముసునూరు. మందును కాలేయానికి మోసుకుపోయింది ఈసారి వైరస్ కాదు, సన్నని కొవ్వు బిందువులు. మొదట అతి తక్కువ మోతాదు ఇచ్చి, ఆగి చూసి, ఆ తర్వాతే పెంచారు. బిడ్డ కోలుకుని ఇంటికి వెళ్లాడు. జన్మంతా గమనిస్తూ ఉండాలని డాక్టర్లు చెబుతున్నారు, పూర్తిగా నయమైందని మాత్రం తొందరపడి అనలేదు.

జెస్సీ ఎవరికోసమైతే ఆ కాగితం మీద సంతకం పెట్టాడో, అలాంటి బిడ్డే ఇతను.